తెల్లూరు జనాభా

మే 9, 2023. మంగళవారం

పొద్దున సరుకులు తెచ్చే షాహబాజ్ బోటు వచ్చి ఆరుగురిని ఎక్కించుకుని వెళ్లిపోయింది. ఇక మిగిలింది ముగ్గురం. జనరేటర్ చూసే అమీర్ జాన్, పెషావర్ మనిషి. చెట్లు చూసే దేవరాజన్న, కడియం నర్సరీల నుంచి వచ్చినవాడు. పంపులు, ఏసీలు చూసే నేను, జగిత్యాల దగ్గరి పర్శరాములుని. ఊరి నిండా ఇళ్లు, ఊరికి ముగ్గురు మనుషులు. ఇళ్లన్నీ మూడు వాటాలు వేసుకుందామని అమీర్ జాన్ జోకు వేశాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆఫీసు నుంచి నాగచైతన్య ఫోన్ చేశాడు. హెచ్చార్‌లో ఉంటాడు. హైదరాబాద్ కుర్రాడు, మనోడే. కొత్త కాంట్రాక్టర్ వచ్చి చార్జ్ తీసుకునేదాకా మీరే కేర్‌టేకర్లు బ్రదర్ అన్నాడు. రిలీవర్ రాకుండా ఎవరు దీవి దిగినా అబ్‌స్కాండింగే, పొద్దున సాయంత్రం మెషీన్‌లో థంబ్, అదే వేలిముద్ర, పడాలి, అదొక్కటి మిస్ అవకండి, మిగతాది నేను చూసుకుంటా అన్నాడు.

అబ్‌స్కాండింగ్ అంటే మా భాషలో ఖల్లివెల్లి. కఫీల్‌ని, అంటే వీసా ఇచ్చిన యజమానిని, వదిలి పారిపోయినవాడని అర్థం. దొరికితే జైలు, ఆ తర్వాత ఇంటికి పంపడం, మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టే యోగం ఉండదు. 

మే 11

పని లేదు. ఊరంతా తిరిగాను.

ఊరంటే ఇసుక దిబ్బ. సముద్రం అడుగున ఇసుక తోడి పోసి, చుట్టూ బండరాళ్లు పేర్చి, దీవి అన్నారు. ఈ కొస నుంచి ఆ కొసకి తాపీగా నడిస్తే ఒక సిగరెట్టు. తూర్పున జెట్టీ. నడుమ గుట్టలా ఎత్తు చేసి మెట్లు మెట్లుగా తెల్ల ఇళ్లు, నీలం తలుపులు, గంట లేని గంటస్తంభం. పడమర ఆలివ్ తోట. ఉత్తరాన మా క్యాంపు. ఎదురుగా నీళ్లకవతల దుబాయ్ అద్దాల మేడలన్నీ కనబడతాయి. బోటులో అరగంట. బోర్డు మీద దీవి పేరు ఇంగ్లిషులో మూరెడు ఉంటుంది, ఎవరికీ నోరు తిరగదు. తెలుగువాళ్లం తెల్లూరు అన్నాం. షాహబాజ్ కూడా ఇప్పుడు తెల్లూరే అంటాడు.

ఇది నకలు. అసలుది గ్రీసు దేశంలో, ఏజియన్ అనే సముద్రంలో ఉంది. ఆ దీవి పిల్లే ఒకామె, మారియా అని, ఇక్కడ ఇంజనీర్‌గా చేసింది. ఒకసారి ఆమె గదిలో ఏసీ బాగు చేస్తుంటే చెప్పింది. వాళ్ల తాత రోజుల్లో దీవి నిండా జనమట. మగవాళ్లు ఓడల మీద పోయారు, తర్వాత ఆస్ట్రేలియా పోయారు, తర్వాత ఆడవాళ్లూ పోయారు. ఇప్పుడు చలికాలంలో పొగ వచ్చే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. టూరిస్టులొస్తే తలుపులు తీస్తారు, పోతే వేస్తారు. అక్కడ అసలు ఇళ్లు కూలుతుంటే ఇక్కడ నకలు ఇళ్లు కట్టడానికి నన్ను పిలిచారు అని నవ్వింది. మా ఊరూ అంతే మేడమ్, మగవాళ్లమంతా ఇక్కడే ఉన్నాం అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. ఎందుకన్నానా అనిపించింది.

2020 లాక్‌డౌన్‌లో ఈ దీవి మీద మేం ఎనిమిది వందలమందిమి. బయటికి పోనివ్వలేదు, బయటివాళ్లను రానివ్వలేదు. రేకుల షెడ్లలో మంచానికి మంచం ఆనుకుని పడుకున్నాం. మనుషుల వాసన భరించలేక నేను రాళ్ల మీదికి పోయి కూర్చునేవాణ్ణి. ఇళ్లు పూర్తయ్యాక కట్టినవాళ్లు పోయారు, కొన్నవాళ్లు వచ్చారు. కొన్నాళ్లు పార్టీలు, పాటలు. అప్పుడు ఉత్తరం వైపు ఇసుక జారడం మొదలైంది. మా పాత షెడ్లు రెండు సముద్రంలోకి ఒరిగాయి. గోడలు పగిలాయి. కొన్నవాళ్లు కోర్టుకి పోయారు, కంపెనీ మునిగింది. ఇదీ తెల్లూరు చరిత్ర. ఇప్పుడు మనిషి వాసనకి మొహం వాచి ఉన్నాను.

మే 19

షాహబాజ్ వచ్చాడు. నీళ్లు, బియ్యం, పప్పు, ఎప్పుడూ తెచ్చే డీజిల్‌లో పావు వంతు. కంపెనీ వాడు ఫోనెత్తడం లేదు, ఇది పాత స్టాక్ భాయ్ అన్నాడు.

జనరేటర్ రోజంతా వేస్తే వారం రాదు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వేస్తే లాక్కురావచ్చు అంటాడు అమీర్ జాన్. ఏసీ మర్చిపోవాలి. ఫ్రిజ్ మర్చిపోవాలి. ఫ్రిజ్‌లో దేవరాజన్న ఇన్సులిన్ ఉంది. ఆయనకి షుగర్ ఎక్కువ.

అయితే ఫ్రిజ్‌కే వేద్దాం, వేలిముద్ర మెషీన్ సంగతి తర్వాత చూద్దాం అన్నాడు అమీర్ జాన్. దాని బ్యాటరీ చచ్చి చాలా కాలమైంది, కరెంటు ఉంటేనే అది లేస్తుంది. దేవరాజన్న ఒప్పుకోలేదు. అదేం మాటండీ, ముందు ఏలు పడాలి, ఆనకే ఏదైనా అన్నాడు. సీసాలకి తడిగుడ్డ చుట్టి ఇసకలో పాతెడతాను, ఏం పర్లేదు తమ్ముడూ అని నా వైపు తిరిగాడు.

నేను ఆయన మాటకే ఓటేశాను.

మే 20

మెషీన్ ముందు ముగ్గురం వరసలో నిలబడ్డాం. ముగ్గురికి వరసేంటి అసలు. వేలు పెడితే పచ్చ లైటు, థాంక్యూ అంటుంది ఆడగొంతు. ఊళ్లో ఉన్న ఒక్క ఆడమనిషి ఇదే, దీన్ని ఆకలితో చంపకూడదు అన్నాడు అమీర్ జాన్. ఈసారి ముగ్గురం నవ్వాం. థంబ్ పడగానే జనరేటర్ ఆపేశాం.

మే 27

నాగచైతన్య ఫోన్ స్విచాఫ్.

మే 28

ఇవాళా స్విచాఫే. ఎండకి తెల్లగోడల వైపు చూడలేకపోతున్నాం. ఇసుకలో పాతిన సీసాలు తీసి చూశాను, చేతికి వెచ్చగా తగిలాయి. దేవరాజన్న వాటితోనే సూది వేసుకుంటున్నాడు.

జూన్ 2

మెట్ల మీద నెత్తురు. తెల్లటి మెట్లు కదా, అంత దూరం నుంచీ కనబడింది. ఆలివ్ తోట దాకా అడుగు అడుక్కీ ఉంది. కుక్కకేమైనా అయిందా అనుకున్నాను. ఈ దీవి మీద కుక్క ఎక్కడిది.

దేవరాజన్న కాలు. చెప్పు కింది నుంచి మేకు దిగి బొటనవేలి పక్కన పొడుచుకుని ఉంది. ఆయన దాంతోనే పొద్దుటి నుంచి బకెట్లు మోస్తున్నాడు. నొప్పి తెలియలేదట. షుగర్ కాళ్లు కదయ్యా, సచ్చిపోయాయవి అన్నాడు, ఎవరి కాళ్లో అన్నట్టు. మేకు పీకి, టీ పొడి డబ్బాలో దాచుకున్న పసుపు పెట్టాడు. ఆ తర్వాత మళ్లీ బకెట్ ఎత్తబోయాడు. నేను అరిచాను. పెద్దవాణ్ణి పట్టుకుని అరిచాను.

ఈ చెట్లెందుకన్నా, ఎవడికోసం పోస్తున్నవ్ నీళ్లు అని అడిగాను. ఓడల్లో తెచ్చారు కదా పాపం, అయ్యి రమ్మంటే వచ్చినయ్యా అన్నాడు.

జూన్ 5

దేవరాజన్న కూతురు వీడియో కాల్. రేచెల్ షార్జాలో నర్సు, ఒక ప్రైవేటు హాస్పిటల్లో. ఆయన చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, ఆలివ్ చెట్టు మొదట్లో కూర్చున్నాడు. ఫోన్ నా చేతికిచ్చి, మొహం వరకే చూపించు తమ్ముడూ అన్నాడు. షుగర్ ఎంతుంది నాన్నా అని అడిగింది ఆ పిల్ల. బ్రహ్మాండంగా ఉందమ్మా అన్నాడు. నేను ఫోన్ ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాను. సిగ్నల్ సరిగా లేదంకుల్ అంది నాతో.

జూన్ 8

దేవరాజన్న కాలి వేలు నల్లబడింది.

ముందు మురికనుకుని తుడిచాను. పోలేదు. వాసన వస్తోంది. పాదం వాచి పొంగింది. రేచెల్‌కి చెబుదామన్నా అన్నాను. ఆయన మంచం మీద లేచి కూర్చుని, తలగడ కింది బైబిలు తీసి నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాడు. నేను హిందువునన్నా అన్నాను. మాట మాటేనయ్యా, దేవుడెవరైతే ఏంటి అన్నాడు.

ఆయన భయం ఇదీ. దీవి దిగితే ఖల్లివెల్లి. తండ్రి ఖల్లివెల్లి అయితే కూతురి ఫైలు మీద మచ్చ పడుతుంది, వీసా రెన్యువల్ ఆగిపోతుంది. రేచెల్ వీసా వచ్చే నెలలో రెన్యువల్‌కి వస్తుంది. ఆ పిల్ల చదువు కోసం ఆయన ఇరవై ఏళ్లు ఈ ఎండలో చెట్లు మోశాడు. ఒక ఏలు పోతే పోయింది తమ్ముడూ, దాని బతుకు పోకూడదు అన్నాడు.

క్యాంపులో అందరూ అనేవాళ్లు ఆ మాట. ఒకరి కేసు ఇంటిల్లిపాదికీ చుట్టుకుంటుందని. నేనూ విన్నాను. రేచెల్‌కి చెప్పనని మాటిచ్చాను.

జూన్ 9

చెప్పాలా, వద్దా. పొద్దుటి నుంచి ఇదే.

జూన్ 12

షాహబాజ్ వచ్చాడు. ఈసారి కంపెనీ పంపలేదు, తన సొంత డబ్బుతో రొట్టెలు, ఉల్లిగడ్డలు, రెండు క్యాన్ల డీజిల్ తెచ్చాడు.  దేవరాజన్న కాలు చూసి, చచా ఇప్పుడే బోటెక్కు, అరగంటలో డాక్టర్ దగ్గర ఉంటావు అన్నాడు. దేవరాజన్న నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. రిలీవర్ రానీ నాయనా, వచ్చాక ఎల్దాం అన్నాడు.

అమీర్ జాన్‌కి పిచ్చి కోపం వచ్చింది. ఏ రిలీవర్, ఎవడొస్తాడు, అక్కడ ముదీర్ లేడు, మేనేజరే లేడు, ఆఫీస్ లేదు, ఖలాస్ అని రాళ్లు తీసి సముద్రంలోకి విసిరాడు. నా వైపు తిరిగి నువ్వు చెప్పు అన్నాడు. నేను బూట్ల లేసు కట్టుకున్నాను.

బోటు వెళ్లిపోయాక కూడా చాలాసేపు దాని చప్పుడు వినబడింది. అంత దగ్గర దుబాయ్.

జూన్ 13

వాసంతి ఫోన్. నా భార్య బీడీలు చుడుతూనే మాట్లాడుతుంది, కత్తెర చప్పుడు వినబడుతుంది. ఇవాళ కత్తెర ఆపింది. గా దీవిల ఎవలున్నరని కావలి కాస్తున్నవ్, ఖల్లివెల్లి అయితె అయినవ్, పాణం ఉంటె సాలు, ఇంటికి రా అంది. దేవరాజన్న సంగతి చెప్పాను. గాయిన బిడ్డకు నువ్వన్న చెప్పు, నీకు నోరు లేదా అంది. ఒట్టు వేశాను అన్నాను. ఒట్టు గట్టున పెట్టు, మనిషి పోతడు అని ఏడ్చింది. ఫోన్ పెట్టేశాను. 

జూన్ 15

డీజిల్ అడుగంటింది. ఒక్కసారికి వస్తుంది. పంపు వేస్తే ట్యాంకులోకి నీళ్లెక్కుతాయి, లేదా థంబ్ వేసుకోవచ్చు. దేవరాజన్న జ్వరంతో ఉన్నాడు. అయినా ఆయనే అన్నాడు థంబ్ అని. అమీర్ జాన్ జనరేటర్ తాళం నా ముందు నేలకేసి కొట్టాడు. పాగల్ హో క్యా, మనిషికి పెట్టకుండా మెషీన్‌కి పెడతారా అన్నాడు.

తాళం నేనే తీసి తిప్పాను. దేవరాజన్నని వీపు మీద మోసుకెళ్లాను. పచ్చ లైటు. థాంక్యూ.

జూన్ 16, సాయంత్రం

నిద్రపోతున్నాడనుకుని నీళ్లు తోడుకురావడానికి వెళ్లాను. వచ్చేసరికి మంచం ఖాళీ. క్యాంపు ఆఫీసు గదిలో నేల మీద ఉన్నాడు. అంత దూరం ఎలా పాక్కుంటూ వచ్చాడో. గోడ పట్టుకుని లేచి, ఆరిపోయిన మెషీన్ గాజు మీద వేలు పెడుతున్నాడు. తీసి, చొక్కాకి తుడుచుకుని, మళ్లీ పెడుతున్నాడు. పడతల్లేదేంటి తమ్ముడూ, నా ఏలు సరిగ్గా లేదేమో నువ్వు ఎయ్యి అన్నాడు.

వేశాను. పడిందన్నా అన్నాను.

జూన్ 17

అమీర్ జాన్ షాహబాజ్‌ని పిలిపించాడు. ఆఫీసు ఎక్కడుందో వెతికి, ఎవడి కాలరైనా పట్టుకుని, రిలీవింగ్ కాగితం తెస్తాను అన్నాడు. కాగితం దొరక్కపోతే ఖల్లివెల్లి అవుతాను, అవనీ అన్నాడు. పవర్ బ్యాంక్ నాకిచ్చాడు.

వెళ్లేముందు దేవరాజన్నని ఇద్దరం ఎత్తి బోటులో వేద్దామన్నాడు. ఎత్తాం. జెట్టీ దాకా తీసుకొచ్చాం. అప్పటిదాకా మగతలో ఉన్నవాడు నీళ్లు చూసి మేలుకున్నాడు. నా చొక్కా రెండు చేతులా పట్టుకుని, దండం పెడతాను నా కూతురి బతుకు ముంచకండయ్యా అన్నాడు. పెద్దగా కూడా అనలేదు. అమీర్ జాన్ ఏయ్ రామ్లూ, వినకు, ఎక్కించు అంటున్నాడు.  కింద దించాను.

అమీర్ జాన్ ఒక్కడే బోటెక్కాడు. నేను ఇంకా అక్కడే ఉన్నాను, బోటు చిన్నదైపోయింది. తెల్లూరులో ఇప్పుడు ఇద్దరం.

జూన్ 18, ఉదయం 11

అమీర్ జాన్ ఫోన్ చేశాడు. అవతలి జెట్టీలో గేటు దగ్గరే పట్టుకున్నారట. స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాడు.

మా ముగ్గురి మీదా కేసు ఇంతకు ముందే ఉంది. మేలోనే పెట్టేశారు. ఆఫీసు ఖాళీ చేసిన రోజే మెషీన్ లైను పీకేశారట, ఆ తర్వాత మా వేలిముద్రలు ఎక్కడికీ పోలేదు. థంబ్ రావడం లేదు కాబట్టి ముగ్గురూ పారిపోయారని రాసి పంపించారు. ఆ డీజిలంతా, ఆ ఫ్రిజ్, ఆ వరస. ఇక్కడ పచ్చ లైటు వెలిగిన ప్రతిసారీ మేం అక్కడ పారిపోయినవాళ్లమే. పారిపోయినవాళ్లు కాకూడదని మేం కదలలేదు. నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను, గట్టిగా, ఆ ఖాళీ ఇళ్ల మధ్య. నవ్వు ఆగలేదు. కాసేపటికి అది నవ్వు కాదని తెలిసింది.

11.20

రేచెల్‌కి చేశాను. ఒట్టు లేదు ఏమీ లేదు. ఆ పిల్ల ఏడవలేదు. జ్వరం ఎంత, స్పృహలో ఉన్నారా, మూత్రం ఎప్పుడు పోశారు, నలుపు ఎంతవరకు పాకింది అని గబగబా అడిగింది. చీలమండ దాకా అన్నాను. ఫోన్ పెట్టకండంకుల్ అంది. ఇంకో ఫోన్‌లో ఎవరితోనో అరబ్బీలో మాట్లాడుతోంది.

12.15

కోస్ట్ గార్డ్ బోటు. గంట కూడా పట్టలేదు. ఇన్ని రోజులూ గంట దూరంలో ఉంది.

ఇద్దరు కుర్రాళ్లు ఆయన్ని పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తారు. దీవి మీద ఇంకెంతమంది ఉన్నారని అడిగారు. ఎవరూ లేరన్నాను.

జూన్ 20

కాలు తొడ దాకా తీసేశారు. విషం అప్పటికే ఒంట్లోకి పాకిందన్నారు. ఆయన మత్తులో ఉన్నాడు. నన్ను పోలీసులు పగలు హాస్పిటల్లో ఉండనిచ్చారు. ఆ ఆఫీసర్ మంచివాడు, మూడుసార్లు చాయ్ ఇప్పించాడు. ముందే ఫోన్ చేసి ఉంటే మేమే వచ్చి తీసుకెళ్లేవాళ్లం కదా, రోగం ఉన్నవాణ్ణి ఎవరైనా అరెస్టు చేస్తారా అన్నాడు. తలూపాను. 

రేచెల్ యూనిఫాంలోనే ఉంది. వేలు ఎప్పుడు నల్లబడిందంకుల్ అని అడిగింది. నర్సు కదా, అబద్ధం నిలవదు. ఎనిమిదో తారీఖు అన్నాను. కళ్లు మూసుకుని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. అప్పుడైతే ఒక్క వేలితో పోయేది అంది. నన్ను తిట్టింది కాదు, తనలో తాను అనుకుంది. తిడితే బాగుండేది.

జూన్ 21

కళ్లు తెరిచాడు. కూతుర్ని చూసి భయపడ్డాడు. నువ్వెందుకొచ్చావమ్మా ఇక్కడికి, నిన్నెవరైనా చూశారా అన్నాడు.

జూన్ 23

తెల్లవారుజామున దేవరాజన్న పోయాడు.

జూన్ 27

దేవరాజన్నని కడియం పంపించారు. రేచెల్ వెంట వెళ్లింది. నేను కార్గో గేటు దాకా కూడా వెళ్లలేను, నా మీద కేసుంది. అమీర్ జాన్ వెళ్తానన్నాడు. అతని మీదా ఉంది. కేసు తేలేదాకా సోనాపూర్ లేబర్ క్యాంపులో మాకిచ్చిన గదిలో ఇద్దరం కూర్చున్నాం. ఈ గదిలో పన్నెండు మంది ఉన్నారు. గట్టిగా మాట్లాడుకుంటారు, పోట్లాడుకుంటారు, వంట చేసుకుంటారు. కాసేపటికి నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

జులై 2

రేచెల్ ఊరి నుంచి ఫోన్ చేసింది. నాన్న కేసుకీ తన వీసాకీ ఏ సంబంధమూ లేదట. హాస్పిటల్లో అడిగిందట, అలాంటి రూల్ ఏదీ లేదన్నారట. ఉందని నాన్నకి ఎవరు చెప్పారంకుల్ అంది.

అందరూ అనేవాళ్లమ్మా అన్నాను.

అందరూ అంటే ఎవరు అంది.

ఎనిమిది వందలమందిమి ఉండేవాళ్లం. ఒక్క పేరు కూడా చెప్పలేకపోయాను.